సోడియం ఆస్కార్బేట్ కూడా విటమిన్ సీయేనా? బీపీ ఉన్నవారు వాడవచ్చా?

పుల్లగా లేని సోడియం ఆస్కార్బేట్ విటమిన్ సి ఎలా అవుతుందని, బీపీ ఉన్న మీ నాన్నగారికి ఇవ్వవచ్చా అని అడిగారు. అది విటమిన్ సీయే. అయితే దానితోపాటు లోపలికి వెళ్లే సోడియాన్ని కూడా లెక్కించాలి. గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధిస్తూ ఈ లవణాన్ని ప్రయోగశాలలో తయారు చేయిస్తుంటాను.

విటమిన్ సి అసలు రూపమైన ఆస్కార్బిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వంటసోడాను కొద్దికొద్దిగా వేస్తే కార్బన్ డయాక్సైడ్ నురగలా పొంగిపోయి, నీటిలో సోడియం ఆస్కార్బేట్ మిగులుతుంది. అణువులో మూడవ కార్బన్ మీది హైడ్రాక్సిల్ సమూహం హైడ్రోజన్‌ను వదులుకోగా ఆ చోటికి సోడియం వస్తుంది. మిగతా నిర్మాణం చెక్కుచెదరదు. జీర్ణాశయంలోని ఆమ్లం తగలగానే ఇది మళ్లీ ఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది కనుక విటమిన్‌గా రెండింటికీ తేడా లేదు. పులుపు పళ్ల ఎనామిల్‌కు, మంట ఉన్న కడుపుకు పడదు కాబట్టే చప్పరించే మాత్రల్లో ఈ లవణాన్ని కలుపుతారు.

ఒక గ్రాము లవణంలో 889 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లానికి సమానమైన విటమిన్, 116 మిల్లీగ్రాముల సోడియం ఉంటాయి. (రెండూ కలిపితే వెయ్యి దాటడానికి కారణం, ఆమ్లం వదులుకున్న హైడ్రోజన్ బరువు కూడా మొదటి అంకెలో ఉండటమే.) పెద్దలకు రోజుకు 2000 మిల్లీగ్రాముల లోపు సోడియం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, గోంగూర పచ్చడి లేకుండా ముద్ద దిగని మన ఇళ్లలో ఆ హద్దు ఎలాగూ దాటిపోతుంది. అప్పుడప్పుడు వేసుకునే ఒక మాత్ర వల్ల పెరిగే సోడియం స్వల్పమే కానీ, రోజూ గ్రాముల కొద్దీ పొడి తీసుకోవడం బీపీ ఉన్నవారికి తగదని నా అభిప్రాయం. కాల్షియం ఆస్కార్బేట్‌లో సోడియం ఉండదు; అయితే మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు ఏ రూపంలోనైనా ఎక్కువ మోతాదు తీసుకునే ముందు వైద్యుణ్ని అడిగి తీరాలి.

నిల్వ విషయంలో మాత్రం లవణానికే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఆస్కార్బేట్ అయాను ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లను ఆమ్లం కంటే సులభంగా ఇచ్చేస్తుంది. ఎండాకాలంలో ద్రావణాన్ని మూత లేకుండా బల్ల మీద ఉంచి అయోడిన్‌తో అంశమాపనం చేయిస్తే (అంటే, ఎంత అయోడిన్ ఖర్చయిందో బ్యూరెట్ అనే కొలత గొట్టంతో చూసి విటమిన్ ఎంత ఉందో లెక్కగడితే), పూట గడిచేకొద్దీ బ్యూరెట్ రీడింగు, అంటే మిగిలిన విటమిన్, తగ్గుతూ రావడం విద్యార్థులు స్వయంగా చూస్తారు. మొదట ఏర్పడే డీహైడ్రో ఆస్కార్బిక్ ఆమ్లాన్ని శరీరం తిరిగి విటమిన్‌గా మార్చుకోగలదు. దాని వలయం తెరుచుకుని డైకీటోగ్యులోనిక్ ఆమ్లం ఏర్పడ్డాక వెనక్కి దారి లేదు. ఇనుము, రాగి అయాన్లు లేశమాత్రం ఉన్నా ఈ ఆక్సీకరణ వేగం పుంజుకుంటుంది. కాబట్టి పొడిని తేమ, వెలుతురు సోకని డబ్బాలో ఉంచి, ఏ పూటకు ఆ పూట గాజు గ్లాసులోనే కలిపి ఇవ్వండి. రాత్రంతా రాగి చెంబులో ఉంచిన నీళ్లను ఇందుకు వాడకండి.