బేస్‌మెంట్‌కి డ్రైవాలా, డ్రాప్ సీలింగా?

బేస్‌మెంట్ పైకప్పుకి డ్రైవాల్ (జిప్సం బోర్డు) కొట్టించాలా, డ్రాప్ సీలింగ్ (కిందికి వేలాడే గ్రిడ్‌లో టైల్స్ పెట్టేది) వేయించాలా అని అడిగారు. మీరు తేల్చుకోలేకపోతున్నది ఎత్తు తప్పు చోట కొలవడం వల్లే. జాయిస్టుల (పై అంతస్తు నేలని మోసే దూలాల) దాకా 7 అడుగుల 8 అంగుళాలన్నారు. డక్టు (ఏసీ, హీటర్ గాలి గొట్టం) కింద ఎంత?

1. ఫ్లోరింగ్ మందం తీసేసి, అన్నిటికన్నా కిందికున్న పైపు దగ్గర టేప్ పెట్టండి. డ్రాప్ సీలింగ్‌కి దాని కింద ఇంకో 3-4 అంగుళాలు పోతాయి. ఆ సందు లేకపోతే టైల్‌ని వంచి గ్రిడ్‌లో పెట్టలేరు. డ్రైవాల్‌ని నేరుగా జాయిస్టులకే కొడితే అంగుళం లోపే. అమెరికాలో చాలా టౌన్లు గదికి 7 అడుగుల ఎత్తు అడుగుతాయి, డక్టుల కింద 6 అడుగుల 4 అంగుళాలు చాలు.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే. టార్చి పట్టుకుని జాయిస్టుల మధ్య ఒక్కో వరసా చూడండి. స్టీలు మూతతో ఉన్న ప్రతి జంక్షన్ బాక్సుకీ (కరెంటు వైర్లు కలిపే పెట్టె), ప్రతి షటాఫ్ వాల్వుకీ (నీళ్లు కట్టేసేది), డ్రెయిన్ క్లీనౌట్‌కీ (మురుగు పైపు శుభ్రం చేసే మూత) రంగు టేపు అంటించండి. జంక్షన్ బాక్సుని డ్రైవాల్ వెనక మూసేయడం ఎలక్ట్రికల్ కోడ్‌కి విరుద్ధం. బాక్సు జరిపించాలి, లేదా యాక్సెస్ ప్యానెల్ (తెరవగలిగే చిన్న తలుపు) పెట్టించాలి.

3. టేపులన్నీ ఒక మూల, సాధారణంగా పై బాత్రూమ్ కిందే, గుంపుగా ఉంటే అక్కడ మాత్రం డ్రాప్, మిగతాదంతా డ్రైవాల్. నా ఓటు దీనికే. గదంతా చెల్లాచెదురుగా ఉంటే, ఎత్తు సరిపోతే, మొత్తం డ్రాప్ వేయించండి.

4. రఫ్-ఇన్ ఇన్‌స్పెక్షన్ (వైరింగ్, పైపులు మూయకముందు చేసే తనిఖీ) పాసయ్యేదాకా సీలింగ్ మూయనివ్వొద్దు.