మోదుగ చెట్టు దగ్గర ఒక పూట

అమ్ములూ,

హోళీ సెలవుకి వచ్చినప్పుడు బుజ్జిగాడికి పిట్టల్నీ పురుగుల్నీ చూపించాలని ఉందన్నావు. చాలా సంతోషమైంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: ఊరంతా తిరగకండి. తిరిగితే మీ అడుగుల చప్పుడుకి ఎగిరిపోయే తోకలే కనిపిస్తాయి. ఒకచోట కూర్చోండి.

చెరువు కట్ట కింద మోదుగ చెట్టు ఉంది కదా, అక్కడ. ఫాల్గుణంలో దానికి ఆకు ఉండదు, అంతా పువ్వే. వచ్చిన పిట్ట దాక్కోలేదు. పొద్దున ఆరున్నరకల్లా చేరి, ఎండ మీ వీపు మీద పడేలా కూర్చోండి. ఎదురెండలో ఏ పిట్టైనా నల్లగానే ఉంటుంది. కాసేపు ఏమీ రాకపోతే వాడు విసుక్కుంటాడు, పల్లీపట్టీలు దగ్గర పెట్టుకో.

ముందు గోరింకలు గోల చేస్తూ దిగుతాయి. మీరు తేనెపిట్ట కోసం చూడండి. మగది ఈ రోజుల్లో నీలం, ఊదా కలిసి మెరుస్తుంది. ఆడదానికి వీపు మట్టిరంగు, పొట్ట పసుపు. వంపు తిరిగిన ముక్కు పువ్వులో పెట్టి తేనె తాగుతుంటే పుప్పొడి దానికి అంటుకుంటుంది. అలా ఈ చెట్టు పుప్పొడి ఆ చెట్టుకి చేరుతుంది. చిలకలకి అంత ఓపిక లేదు, పువ్వునే కొరికి పడేస్తాయి. కింద పడ్డవాటిలో కొరికినవేవో, వాటంతట అవే రాలినవేవో వాణ్ణే వేరు చెయ్యమను. కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంటే తొందరపడి లేవకండి. జత కట్టే కాలం ఇది, పైకి ఎగిరి పల్టీలు కొడుతూ కిందికి వస్తుంది. దసరాకి ఎంత చూసినా ఆ ఆట కనబడదు.

కోకిల కూత వినగానే ఫోన్‌లో దాని కూత పెట్టి పిలవాలని చూడొద్దు. ఏ పిట్ట గూడు కనిపించినా దగ్గరికి వెళ్లొద్దు. మీరు నిలబడి ఉన్నంతసేపూ తల్లి గూటికి రాదు, కాకి మాత్రం చూసిపెట్టుకుంటుంది. ఈ విషయంలో వాడు ఏడ్చినా నువ్వు కరగకు.

తొమ్మిది దాటితే పిట్టలు తగ్గుతాయి, ఇంటికి వచ్చెయ్యండి. అప్పుడు పెరట్లో కరివేపాకు చెట్టు. లేత ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించేది నిజంగా రెట్టేనా అని చూడండి. కదిలితే అది సీతాకోకచిలుక పురుగు, ఎవరూ తినకుండా ఆ వేషం. పెద్దదైతే ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లిగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది. ఒక్కసారి చాలు, మళ్లీ మళ్లీ విసిగించొద్దు. ఆ కొమ్మ ఆకు మాత్రం పప్పు తాలింపుకి కోయొద్దని మీ పెద్దమ్మకి నేను చెప్తాను.

బైనాక్యులర్స్ కొనకండి, నావి ఉన్నాయి. వాడికి ఒక నోటుబుక్కు, పెన్సిలు తీసుకురా చాలు. పేరు తెలియని పిట్టకి ముక్కు, తోక, రంగు బొమ్మ గీయమను. పేర్లు రాత్రి భోజనాలయ్యాక నేను చెప్తాను.

మీ పెదనాన్న