బ్యాటరీ మార్చే ముందు మీటర్ పెట్టండి: పాత టూరింగ్ బండ్ల మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాది 2011 మోడల్ థండర్‌బర్డ్ 350 ట్విన్‌స్పార్క్. వరుసగా రెండు బ్యాటరీలు మార్చిన. రెక్టిఫైయర్ కూడా కొత్తది ఏయించిన. అయినా రాత్రిపూట ఫాగ్ లైట్లేసుకుని ఏటూరునాగారం దాకా పోతే హారన్ గొంతు పడిపోతది. తెల్లారి సెల్ఫ్ కొడితే టక్ టక్ అనుడే. ఇప్పుడు కాయిల్ మార్చాలంటున్నరు. మార్పించాల్నా?
– హనుమకొండ

జవాబు: ఆగండి. రెండు బ్యాటరీలు, ఒక రెక్టిఫైయర్ మారినా జబ్బు అలాగే ఉందంటే, ఇంతవరకు ఎవరూ మీటర్ పెట్టి చూడలేదన్నమాట. కాయిల్ అంటే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది, రెక్టిఫైయర్ ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చి అందించేది. మీ ఇంజన్లో ఆ కాయిల్ మార్చాలంటే ఆయిల్ దించి, ఎడమ కవర్ విప్పి, కొత్త గ్యాస్కెట్ వేయాలి. అంత పని పెట్టుకునే ముందు మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, ఒక గంట టైము కేటాయించండి.

మొదట బ్యాటరీ. బయట ఫుల్ చార్జ్ చేయించి, నాలుగైదు గంటలు ఊరికే వదిలేసి చూడండి. 12.6 నుంచి 12.8 వోల్టులు ఉంటే మంచిదే. 12.2 అంటే సగం ఖాళీ. చార్జ్ చేశాక కూడా 12 దాటకపోతే దాని పని అయిపోయినట్టే. ఈ అంకె ఒక్కటే నమ్మొద్దు. మీటర్ తీగలు బ్యాటరీ మీదే ఉంచి సెల్ఫ్ నొక్కండి. వోల్టేజీ 10 దగ్గర ఆగాలి. 9.6 కంటే కిందికి జారితే, ఊరికే ఉన్నప్పుడు 12.7 చూపించినా ఆ బ్యాటరీ పనికిరాదు.

తర్వాత చార్జింగ్. ఇంజన్ వేడెక్కాక హెడ్‌లైట్ వేసి, సుమారు 3000 ఆర్‌పీఎం దగ్గర రేస్ పట్టి, బ్యాటరీ టెర్మినళ్ల మీద చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 13.2 కంటే తక్కువైతే బ్యాటరీకి అందాల్సింది అందట్లేదు. 15 దాటితే రెక్టిఫైయర్ అదుపు తప్పింది, బ్యాటరీని ఉడకబెడుతోంది.

చాలామంది ఇక్కడితో ఆపేసి రెక్టిఫైయర్ మార్చేస్తారు. అసలు చూడాల్సింది ఆ తర్వాతే ఉంది. ఇంజన్ అదే రేస్‌లో ఉండగా మీటర్ ఎర్ర తీగ రెక్టిఫైయర్ నుంచి బయటికొచ్చే ప్లస్ పిన్ను మీద, నల్ల తీగ బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. ఆ రెండిటి మధ్య తేడా 0.2 వోల్టుల లోపు ఉండాలి. తర్వాత రెక్టిఫైయర్ ఎర్తుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడండి. అక్కడ 0.1 దాటకూడదు. రెక్టిఫైయర్ దగ్గర 14.3, బ్యాటరీ దగ్గర 13.1 వస్తే ఆ 1.2 వోల్టులు దారిలో కాలిపోతున్నాయి. 8 ఆంపియర్లు పారుతుంటే అది దాదాపు 10 వాట్ల వేడి. అదంతా ఒక్క పిన్నులో పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌లో దాదాపు సగం అనుకోండి.

ఇప్పుడు ఆ పిన్నులుండే కప్లర్ (తీగలను కలిపే ప్లాస్టిక్ ముక్క) ఊడదీసి చూడండి. తెల్ల ప్లాస్టిక్ ఒక పక్క గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. లోపలి రాగి రేకు మెరుపు పోయి నల్లబడి ఉంటుంది. కొన్నిట్లో పచ్చటి పొడి కూడా రాలుతుంది. పిన్ను పట్టు వదిలేసి ఉంటుంది, వేలితో లాగితే ఇట్టే వచ్చేస్తుంది. ఉప్పు కాగితంతో గీకితే ఆ పూటకు పని చేస్తుంది, పూత పోయిన రాగి మళ్లీ నల్లబడుతుంది. సరైన పని ఏమిటంటే, కాలిన చోటు నుంచి రెండు అంగుళాల తీగ కత్తిరించి, కొత్త టెర్మినల్ క్రింప్ చేసి, కొత్త కప్లర్ వేయడం. తీగలు మెలిపెట్టి పైన టేపు చుట్టడం రిపేరు కాదు, వచ్చే వానాకాలానికి వాయిదా వేయడం. ఎర్తు వైరు ఛాసిస్‌కు బిగించే చోట పెయింటు గీకి, రింగు టెర్మినల్ శుభ్రం చేసి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

ఇదంతా బాగుండీ చార్జింగ్ రాకపోతే అప్పుడు కాయిల్‌ను అనుమానించాలి. కవర్ విప్పకుండానే తేలిపోతుంది. కాయిల్ కప్లర్ ఊడదీయండి. ఒకే రంగు తీగలు మూడుంటే మూడు ఫేజులు, రెండుంటే ఒకటే ఫేజు. మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ప్రతి తీగకూ ఇంజన్ బాడీకీ మధ్య చూడండి, అసలు కలవకూడదు. కలిస్తే కాయిల్ లోపల ఎర్త్ అయినట్టే. తర్వాత మీటర్ ఏసీలో పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, రెండేసి తీగల మధ్య చూడండి. రేస్ పెంచేకొద్దీ వోల్టేజీ సాఫీగా పెరగాలి. మూడు ఫేజులైతే మూడు జతల్లోనూ దాదాపు ఒకే అంకె రావాలి. రెండు జతల్లో 40, మూడోదాంట్లో 22 వస్తే కాయిల్ పోయింది. ఆ అంకె ఎంత అనేదానికంటే మూడూ సమానంగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఈ పరీక్ష ఇంజన్ బాగా వేడి మీద ఉన్నప్పుడే చేయండి. తీగ మీది వార్నిష్ పూత దెబ్బతిన్న కాయిల్ చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగానే ఉంటుంది. తీగల మీద చేయి మాత్రం పడనీయకండి, షాక్ గట్టిగానే కొడుతుంది.

ఫాగ్ లైట్లు అన్నారు. 55 వాట్లవి రెండంటే 110 వాట్లు, అంటే 9 ఆంపియర్లు. హెడ్‌లైట్‌కు ఇంకో నాలుగున్నర. ఆ లైట్లన్నీ వేసి 3000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద చూడండి. 12.8 కూడా రాకపోతే కొత్త కాయిల్ వేసినా లాభం లేదు, రాబడి కంటే ఖర్చెక్కువ. ఎల్‌ఈడీ లైట్లకు మారండి. ఏ లైట్లయినా సరే రిలే (లైట్ల కరెంటు స్విచ్ మీద పడకుండా చూసే చిన్న పెట్టె) పెట్టి, వాటికంటూ ఒక ఫ్యూజు వేసి, నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోండి.

చివరిది దొంగ కరెంటు. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్య మీటర్‌ను ఆంపియర్లలో పెట్టండి. మొదట 10 ఆంపియర్ల రేంజ్, తర్వాత మిల్లీ ఆంపియర్లు. అలారమ్, మొబైల్ చార్జర్ లాంటివేవీ లేని బండిలో రెండు మూడు మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. 50 కనిపిస్తే రోజుకు 1.2 ఏహెచ్ (ఆంపియర్ అవర్) పోతున్నట్టు. 14 ఏహెచ్ బ్యాటరీ పన్నెండు రోజుల్లో ఖాళీ. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే లాగి చూడండి, ఏది లాగితే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్‌లోనే ఉన్నాడు. మీటర్ అలా ఉండగా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. మీటర్ ఫ్యూజు కాలిపోతుంది.

ప్రశ్న: నాదీ ఆ మోడల్ బండే. సెల్ఫ్ కొడితే మోటార్ జుయ్‌మని తిరుగుతది కానీ ఇంజన్ తిరగదు. ఒక్కోసారి లోపల ఫట్‌మని గట్టి సప్పుడు. కిక్కు కొడితే స్టార్ట్ అయితది.
– కరీంనగర్

జవాబు: స్ప్రాగ్ క్లచ్. మోటార్ తిప్పుడును ఇంజన్‌కు అందించి, ఇంజన్ అందుకోగానే వదిలేసే ఒంటివైపు పట్టు అది. ఊరికే పాడవదు. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు సెల్ఫ్ మళ్లీ మళ్లీ కొడితే ఇంజన్ కంప్రెషన్ దాటలేక వెనక్కి తంతుంది. ఆ తన్ను నేరుగా స్ప్రాగ్ మీద పడి లోపలి రోలర్లు అరిగిపోతాయి. కొత్త స్ప్రాగ్ వేయించే ముందు పైన చెప్పిన బ్యాటరీ పరీక్ష చేయించండి, లేకపోతే కొత్తదానికీ అదే గతి. అప్పటిదాకా సెల్ఫ్ ముట్టుకోకండి. విరిగిన ముక్క లోపల తిరిగితే ఖర్చు రెండింతలు.

ఇంకో మాట. ఈ యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే డబ్బాలో ఉండే) ఇంజన్లో హైడ్రాలిక్ టాపెట్లు ఉంటాయి, వాల్వుల దగ్గరి గ్యాప్‌ను ఆయిల్ ఒత్తిడితో అవే సరిచేసుకుంటాయి. ‘టాపెట్ సెట్ చేస్తాం’ అని డబ్బులడిగే షాపులో దానికి బండి ఇవ్వొద్దు.

ప్రశ్న: పాత కరిజ్మా, కార్బొరేటర్ మోడల్. ఎండల్లో మంచిర్యాల దిక్కు ముప్పై నలభై కిలోమీటర్లు పోంగనే ఆగిపోతది. అరగంట నీడకు పెడితే మళ్లా మంచిగ నడుస్తది. కార్బొరేటర్ మూడుసార్లు కడిగించిన.
– గోదావరిఖని

జవాబు: నాలుగోసారి కడిగించకండి. ఇది పెట్రోల్ అందకనో, స్పార్క్ పోయో ఆగుతోంది. ఆ రెండిట్లో ఏదో ఆగిన చోటే, ఆగిన రెండు నిమిషాల్లోనే తేల్చాలి. చల్లబడ్డాక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ బండి బుద్ధిగానే ఉంటుంది.

ఆగగానే ముందు ట్యాంకు మూత తెరవండి. ‘ఉస్’మని గాలి లోపలికి పీల్చుకుని, వెంటనే బండి స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయింది. బొగ్గు లారీలు తిరిగే మీ రోడ్ల దుమ్ముకు అది మామూలే. మూత విప్పి సన్నని తీగతో శుభ్రం చేస్తే సరి. మూత తెరిచినా మారకపోతే కార్బొరేటర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి చిన్న సీసాలో పట్టండి. ధార ఆగకుండా రావాలి. మొదట వచ్చి తర్వాత చుక్కలుగా మారితే కాక్ (పెట్రోల్ కుళాయి), ట్యాంకులోని జాలి, పైపు చూడాలి. సీసా అడుగున నీటి పొర వేరుగా కనిపించిందా? బంకుల్లో ఇప్పుడు ఇచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీటిని పీల్చుకుంటుంది, ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కు దిగుతాయి. నెలల తరబడి నిలబెట్టిన బండిలో ఇది తరచూ కనిపిస్తుంది.

పెట్రోల్ బాగా వస్తోందా? అయితే స్పార్క్. డ్రెయిన్ స్క్రూ బిగించి, చిందిన పెట్రోల్ తుడిచి, మూత వేసి, ఆవిరి పోయాక చూడండి. కొత్త ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని లోహపు భాగం ఇంజన్‌కు గట్టిగా తగిలేలా ఆనించి సెల్ఫ్ కొట్టండి. ఎర్త్ తగలకుండా గాల్లో వేలాడదీస్తే సీడీఐ (స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) దెబ్బతింటుంది. నీలం రంగు స్పార్క్ లేకపోతే అనుమానం మొదట పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పేది) మీద, తర్వాత ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కు వోల్టేజీ పెంచేది) మీద. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండిటి ఓమ్స్ రాసిపెట్టుకోండి. ఆగిన చోట మళ్లీ చూడండి. వేడికి కొంచెం పెరగడం సహజం. మీటర్ అసలు అంకే చూపించకపోతే లోపలి తీగ వేడికి తెగుతోంది, చల్లారాక అతుక్కుంటోంది. ఆ కాయిల్ మార్చాల్సిందే.

ఎయిర్ ఫిల్టర్ పేపర్‌దైతే పెట్రోల్‌తో కడగొద్దు, లోపలి నుంచి బయటికి గాలి కొట్టండి. నల్లబడితే మార్చండి.

ప్రశ్న: పాయింట్లున్న పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350. కిక్కు కొడితే కాలును ఎగరేస్తుంది. సైలెన్సర్‌లో పేలుతుంది. పాయింట్లు నెలకే నల్లబడుతున్నాయి.
– జనగామ

జవాబు: పాయింట్లంటే స్పార్క్ కోసం కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్, వాటి మధ్య మంట రేగకుండా ఆపేది కండెన్సర్. నెలకే నల్లబడితే కండెన్సర్‌ది తప్పు. పాయింట్ల మూత తీసి, చీకట్లో ఇంజన్ నడిపి చూడండి. పాయింట్ల మధ్య సన్నగా ఒక చుక్క మెరిస్తే పర్లేదు. లావుగా, పసుపు నీలం కలిసిన మంట కనిపిస్తే కండెన్సర్ మార్చండి. నాసిరకం కండెన్సర్లు కొత్తవీ ఇట్టే పోతాయి, కాస్త మంచిది కొనండి. పాయింట్లను సన్నటి ఆకురాయితో చదును చేసి, గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టండి. ప్లగ్గు గ్యాప్ 0.45 నుంచి 0.50.

కాలును తన్నడం టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకు జరిగిందనడానికి గుర్తు. పాయింట్ల వెనకున్న ఆటో అడ్వాన్స్ బరువులను వేలితో విప్పి వదిలేయండి. స్ప్రింగులు వాటిని టక్కున వెనక్కి లాగాలి. మధ్యలో ఆగిపోతే జిడ్డు కడిగి ఒక చుక్క ఆయిల్ వేయండి, స్ప్రింగు సాగితే మార్చండి. బరువులు పూర్తిగా మూసుకుని ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్ పైకొసకు 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడిపోవాలి. ఆ క్షణం కంటికి కనిపించదు. పాయింట్ తీగకూ ఎర్తుకూ మధ్య చిన్న 12 వోల్టుల బల్బు కట్టి తాళం ఆన్ చేయండి, పాయింట్లు విడిపోగానే వెలుగుతుంది. గ్యాప్ మారిస్తే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్.

టాపెట్లు ఈ ఇంజన్లో చేత్తోనే సెట్ చేయాలి. ఇంజన్ చల్లగా, పిస్టన్ కంప్రెషన్ పైకొసన ఉన్నప్పుడు పుష్‌రాడ్ రెండు వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆట ఉండకూడదు.

కిక్కు కొట్టే పద్ధతి కూడా చూసుకోండి. తాళం ఆన్ చేసి, కిక్కర్‌ను మెల్లగా నొక్కుతూ గట్టిగా తగిలే చోటికి తేండి. అక్కడ అమ్మీటర్ ముల్లు మధ్యకు వస్తుంది. డీకంప్రెసర్ (సిలిండర్‌లోని ఒత్తిడి వదిలే లీవర్) లాగి ఇంకొంచెం నొక్కి వదిలేయండి. కిక్కర్ పైకి వచ్చాక ఒకే ఒక్క నిండు కిక్కు. సగం కిక్కులే మోకాళ్లు తీస్తాయి.

ప్రశ్న: మహబూబ్ ఘాట్ దిగుతుంటే హ్యాండిల్ ఊగుతోంది. ముందు టైరు కొత్తదే.
– నిర్మల్

జవాబు: సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో గుంటలో పడినట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే మెడలోని బేరింగు) బాల్ రేసుల్లో గుంటలు పడ్డాయి. బిగిస్తే పోదు, సెట్టు మొత్తం మార్చాలి. ఫోర్కులు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్‌మంటే మాత్రం బిగింపు చాలు. తర్వాత వెనక చక్రాన్ని పక్కకు లాగండి. చక్రం ఒక్కటే కదిలితే బేరింగు, స్వింగ్ ఆర్మ్‌తో పాటు కదిలితే బుష్‌లు.

ప్రశ్న: హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పితే ఇంజన్ ఆగిపోతోంది. యూటర్న్ తీసుకోవాలంటే భయమేస్తోంది.
– ములుగు

జవాబు: హ్యాండిల్ దగ్గర మెలిక తిరిగే చోట వైరింగ్‌లో ఒక తీగ తెగింది. పై తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు విరిగి ఉంటాయి. ఎక్కువగా ఇగ్నిషన్ తాళం తీగో, కిల్ స్విచ్ తీగో. ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ కదపకుండా ఆ కట్టను వేళ్లతో అంగుళం అంగుళం వంచుతూ పోండి. ఎక్కడ ఆగితే అక్కడే. తీగను రెండు వైపులా మెల్లగా లాగితే తెగిన చోట తొడుగు రబ్బరులా సాగుతుంది. అతుకు సరిగ్గా ఆ మెలిక మీదే వేయకండి, మళ్లీ తెగుతుంది. రెండు వైపులా మూడు నాలుగు అంగుళాలు వదిలి, అదే మందం కొత్త తీగ ముక్క వేసి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగించండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరిగినా తీగ బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచి, అప్పుడు ట్యాగు కట్టండి.