విశాఖపట్నంలో క్రైస్తవ కీర్తనలు ఇన్ని తరాలు ఎలా నిలిచాయి?

విశ్వాసం నుంచి పుట్టిన రచన జనం మాటలోకి, రాగంలోకి దిగినప్పుడే అంతకాలం నిలుస్తుందని నా అభిప్రాయం. క్రైస్తవ ప్రచార సంఘమైన లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకున్నారు. ఇక్కడ ఆ మిషనరీల్లో ఒకరైన డెస్‌గ్రాంజెస్, ఆయన సహాయకుడు ఆనందరాయరు కలిసి సాగించిన అనువాదం నుంచి 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. అయితే గద్యం కన్నా పాటే ఎక్కువ దూరం ప్రయాణించింది. అందుకు ముఖ్య కారకుడు, ఈ ఉత్తరాంధ్ర సరిహద్దు సీమలోనే పెరిగిన పురుషోత్తమ చౌధరి (1803–1890). ఆయన పాశ్చాత్య బాణీలను అరువు తెచ్చుకోకుండా, అప్పటికే జనం చెవికి అలవాటైన కీర్తన రూపంలోనే తన భక్తిని పలికించారు కనుక, చదువురాని వారు కూడా ఆ పాటలను విని కంఠస్థం చేసి పిల్లలకు నేర్పగలిగారు. నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటకు పైన రాగతాళాలు ముద్రించి ఉంటాయి. అది నాకెంతో ప్రియమైన వివరం. చర్చి గోడలు దాటిన ప్రభావానికి జాషువా ‘క్రీస్తు చరిత్ర’ సాక్ష్యం: ఆ పద్యకావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.