గుండె డాక్టరు కాకుండా ఈ రక్తనాళాల సర్జరీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ అయ్యి హౌస్ సర్జన్‌గా చేస్తోంది. మొదటి నుంచీ కార్డియాలజీ అనుకున్నాం. నెల రోజులుగా వాస్కులర్ సర్జరీ చేస్తానని పట్టుబట్టింది. అడిగితే అన్యూరిజం అంటుంది, కాళ్లకు రక్తం అందకపోవడం అంటుంది. మాకు తెలిసింది ఉబ్బిన నరాల ఆపరేషన్ ఒక్కటే. ఇంకా ఎన్నేళ్లు చదవాలి? ఆడపిల్ల, రాత్రిళ్లు ఎమర్జెన్సీలు, ఎక్స్‌రేల మధ్య పని. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. హాయిగా గుండె డాక్టరు కావచ్చు కదా? - ఒక తండ్రి

జవాబు: మీ ఆఖరి మాట దగ్గరే మొదలుపెడతాను. గుండె డాక్టర్లు రాత్రిళ్లు హాయిగా నిద్రపోతారని మీకెవరు చెప్పారండీ? గుండెపోటుతో మనిషి వస్తే తెల్లవారుజామున మూడింటికైనా లేచి యాంజియోప్లాస్టీ చేయాల్సిందే, అదీ ఎక్స్‌రే కిందే. కాబట్టి రాత్రి డ్యూటీ, రేడియేషన్ అనే రెండు కారణాలనూ లెక్కలోంచి తీసేయండి. అవి రెండు వైపులా ఉన్నవే.

ఉబ్బిన నరాలు, అంటే వెరికోస్ వెయిన్స్, వాస్కులర్ సర్జన్లే చూస్తారు. డయాలసిస్ పేషెంట్లకు చేతికి ఫిస్టులా, అంటే ధమనిని సిరతో కలిపే దారి, పెట్టేదీ చాలాచోట్ల వీళ్లే. రోజువారీ పనిలో పెద్ద భాగం ఇలాంటివే ఉంటుంది, ఆ సంగతి మీ అమ్మాయికి కూడా ముందే తెలియాలి. ఆవిడ చెబుతున్నవి మాత్రం ధమనుల జబ్బులు. ఒకదానిలో ధమని ఉబ్బుతుంది, రెండోదానిలో పూడిపోతుంది.

గుండె నుంచి బయల్దేరి కడుపులోకి దిగే పెద్ద ధమనిని అయోర్టా అంటారు. కడుపు దగ్గర దాని వెడల్పు మామూలుగా సుమారు 2 సెంటీమీటర్లు. గోడ బలహీనపడి 3 సెంటీమీటర్లకు చేరితే దాన్ని అన్యూరిజం అంటారు. చాలామందికి నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు. వేరే దేనికో అల్ట్రాసౌండ్ తీస్తుంటే బయటపడుతుంది. పగిలితే మాత్రం ఎక్కువమంది బతకరు. మగవాళ్లలో 5.5, ఆడవాళ్లలో 5 సెంటీమీటర్ల దగ్గర ఆపరేషన్ ఆలోచిస్తారు. అంతకు ముందే వేగంగా పెరిగినా, నొప్పి మొదలైనా ఆగరు.

ఇప్పుడు 4.3 సెంటీమీటర్లున్న పేషెంటు ఎదురుగా కూర్చుని, ‘కడుపులో బాంబు పెట్టుకుని ఎలా పడుకోమంటారు, తీసేయండి’ అన్నాడనుకోండి. ‘ఈ సైజులో పగిలే ప్రమాదం కంటే ఆపరేషన్ ప్రమాదమే ఎక్కువ. సిగరెట్ మానండి, బీపీ మందులు వేసుకోండి, ఏడాదికి స్కాన్‌కి రండి’ అని చెప్పి, ఆయనను నమ్మించి పంపాలి. ఆపరేషన్ చేయడం వచ్చి కూడా చేయకుండా పంపించే రోజులు ఈ వృత్తిలో ఎన్నో. మీ అమ్మాయికి ఇది నచ్చుతుందా లేదా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. ఎన్నేళ్లు చదవాలన్నది ఆ తర్వాత.

కాలు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయని ఒకాయన వస్తాడు. నడుము నరం నొక్కుకున్నా ఇలాగే ఉంటుంది, కాలి ధమని పూడినా ఇలాగే ఉంటుంది. ‘నొప్పి వస్తే ఏం చేస్తారు?’ అని అడగాలి. రెండు నిమిషాలు నిలబడితే చాలు తగ్గుతుందంటే ధమని మీద అనుమానం. కూర్చుంటేనో, ముందుకు వంగితేనో గానీ తగ్గదంటే నడుము మీద అనుమానం. స్కానింగ్ కంటే ముందు ఈ ఒక్క ప్రశ్న సగం దారి చూపిస్తుంది. తర్వాత వేళ్లతో నాడి చూడాలి. గజ్జలో, మోకాలి వెనక, చీలమండ వెనక, పాదం మీద ఎక్కడి దాకా కొట్టుకుంటోంది, ఎక్కడ ఆగింది అని.

ఆ తర్వాత పెన్ను లాంటి చిన్న డాప్లర్. చీలమండ పైన బీపీ పట్టీ కట్టి, కొంచెం జెల్ రాసి పెన్ను ఆనిస్తే ధమని శబ్దం వినబడుతుంది. శబ్దం ఆగేదాకా గాలి నింపి, మెల్లగా వదిలితే ఎక్కడ మళ్లీ మొదలైందో అదే అంకె. దాన్ని చేతి బీపీతో భాగిస్తారు. చేతిలో 140, కాలిలో 84 వచ్చిందనుకోండి, 0.6. మామూలుగా 1 దగ్గర్లోనో, కొంచెం పైనో ఉండాలి. 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ధమని జబ్బు ఉన్నట్టే. షుగర్ పేషెంట్లలో మాత్రం ఈ అంకె మోసం చేస్తుంది. ధమని గోడలో కాల్షియం పేరుకుని పట్టీ కింద నొక్కుకోదు. అంకె 1.4 దాటి చూపిస్తుంది, కింద వేలు మాత్రం నల్లబడుతుంటుంది. అప్పుడు బొటనవేలి దగ్గర ప్రెషర్ చూడాలి.

ఇక్కడ కూడా జబ్బు దొరకగానే స్టెంట్ వేసేయరు. నడిస్తేనే నొప్పి వచ్చేవాళ్లలో చాలామందికి సిగరెట్ మాన్పించడం, కొలెస్ట్రాల్ మందు, రక్తం గడ్డకట్టకుండా మందు, ఆపైన నడక. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవడం, వారానికి మూడుసార్లు, కనీసం 12 వారాలు. రాత్రి పడుకున్నా పాదం నొప్పితో కాలు మంచం కిందికి వేలాడేసుకునే మనిషి, పుండు మానని మనిషి వస్తే లెక్క వేరు. వాళ్లకు యాంజియోప్లాస్టీయో, తొడలోంచి తీసిన సిరతో బైపాసో చేసి రక్తం కిందికి పంపకపోతే కాలు దక్కదు. ఉన్నట్టుండి ధమని మూసుకుపోయిన కాలికైతే చేతిలో ఉండేది కొన్ని గంటలే. రాత్రి ఫోన్లు ఎక్కువగా ఇలాంటి వాటికే వస్తాయి.

ఆపరేషన్ పద్ధతులు ఎంత త్వరగా మారాయో ఒక్క ఉదాహరణ. 1948లో ఐన్‌స్టీన్‌కు కడుపులో అన్యూరిజం దొరికినప్పుడు రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ చేయగలిగింది దాని చుట్టూ సెల్లోఫేన్ చుట్టడమే. 1951లో పారిస్‌లో చార్లెస్ ద్యుబో ఉబ్బిన భాగాన్ని కోసి తీసేసి, దాత ధమని ముక్కను కుట్టాడు. 1955లో ఐన్‌స్టీన్ అన్యూరిజం పగిలినప్పుడు ఆపరేషన్ వద్దని ఆయనే చెప్పాడు. 1990లో అర్జెంటీనాలో హువాన్ పరోడి కడుపు కోయకుండా, గజ్జలోని ధమని గుండా గ్రాఫ్ట్‌ను, అంటే కృత్రిమ గొట్టాన్ని, లోపలికి పంపి అమర్చాడు. ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో ఇదే ఎక్కువ. దీనిలో పేషెంటు త్వరగా ఇంటికి వెళ్తాడు, మొదటి నెలలో ప్రాణాపాయం తక్కువ. కానీ గ్రాఫ్ట్ పక్కనుంచి రక్తం జారుతోందేమో చూడటానికి జీవితాంతం స్కాన్లకు రావాల్సిందే. మీ అమ్మాయి నేర్చుకున్న పద్ధతి ఆవిడ నలభయ్యో ఏటికి పాతబడవచ్చు. మళ్లీ నేర్చుకునే ఓపిక కావాలి.

చదువు విషయం దేశాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల జనరల్ సర్జరీ పూర్తిచేసి, ఆపైన రెండు మూడేళ్లు వాస్కులర్. కొన్ని దేశాల్లో నేరుగా అయిదారేళ్ల కోర్సు. సీటు కోసం వెతికేటప్పుడు కాలేజీ పేరు కంటే అక్కడి ట్రైనీలను పట్టుకుని మూడు ప్రశ్నలు అడగమనండి. కడుపు తెరిచి చేసే అయోర్టా ఆపరేషన్లు ఏడాదికి ఎన్నిటిలో చేయి పెట్టనిస్తారు? కాళ్ల యాంజియోప్లాస్టీలు అక్కడ సర్జన్లు చేస్తున్నారా, లేక రేడియాలజీ వాళ్లో కార్డియాలజీ వాళ్లో చేసుకుంటున్నారా? ఎక్స్‌రే మెషీన్, ఆపరేషన్ బల్ల ఒకే గదిలో ఉన్న థియేటర్ ఉందా? మొదటి ప్రశ్న చాలా ముఖ్యం. గ్రాఫ్ట్‌ల వల్ల ఓపెన్ ఆపరేషన్లు తగ్గి, కోర్సు పూర్తయినా అయోర్టా మీద క్లాంప్, అంటే రక్తం ఆపే పట్టుకారు, సరిగ్గా పెట్టి ఎరగని వాళ్లు ఉంటున్నారు. క్లాంప్ పెట్టడమే కాదు, తీయడం కూడా ఒక విద్యే. కాళ్లకు ఒక్కసారిగా రక్తం దిగి బీపీ పడిపోతుంది. అందుకే మత్తు డాక్టరుకు ముందే చెప్పి, కొంచెం కొంచెంగా వదులుతారు. ఇది వీడియో చూస్తే రాదు.

ఆడపిల్ల అన్నారు కాబట్టి ఒక్క మాట. సన్నటి సూదితో కుట్టే చేతికి ఆడా మగా తేడా లేదు. అయితే ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసం కోటు బరువుకి నడుము, మెడ నొప్పులు ఎవరికైనా వస్తాయి. గర్భంతో ఉన్నప్పుడు రేడియేషన్ డ్యూటీ ఎలా మారుస్తారన్నది చేరబోయే చోట ముందే అడగాలి. సిగ్గుపడాల్సిన విషయం కాదు.

నాకు భయమున్న చోటు వేరే. ఈ పేషెంట్లు పూర్తిగా నయమై వెళ్లిపోరు. ఈ ఏడు కుడికాలు, రెండేళ్లకు ఎడమకాలు. కాలు దక్కినా గుండెపోటుతో పోయేవాళ్లుంటారు. ఎంత చేసినా చివరికి కాలు తీసేయాల్సి వస్తే, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది మీ అమ్మాయే. చేసిన పని వెంటనే కళ్లబడి, కథ అక్కడితో ముగిసిపోవాలనుకునే మనస్తత్వమైతే ఇది వద్దు.

అందుకని ఇంట్లో వాదన ఆపి రెండు వారాలు గడువు పెట్టుకోండి. థియేటర్ కాదు, వాస్కులర్ ఓపీలో కూర్చోమనండి. పుండ్లకు కట్లు మార్చే గదిలో ఒక పూట నిలబడమనండి. అనుమతి తీసుకుని ఓ పదిమందికి తన చేత్తో ఆ చీలమండ ప్రెషర్ చూడమనండి. మొదటి రెండు మూడుసార్లు శబ్దమే దొరకదు, చిరాకేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక ఏం చెబుతుందో మీరు వినండి, మధ్యలో కార్డియాలజీ మాటెత్తకండి. చూసిన ఆపరేషన్ గురించే చెబుతోందా, ఆపరేషన్ వద్దని పంపిన పేషెంటు గురించి కూడా చెబుతోందా? రెండోది వినబడితే నాకు మళ్లీ రాయండి, ఎక్కడెక్కడ అప్లై చేయాలో అప్పుడు కూర్చుని చూద్దాం.