బైపీసీ తర్వాత వైల్డ్‌లైఫ్, ఫిషరీస్ రెండూ కలిపి చదవొచ్చా?

మీ అమ్మాయి అమెరికాలో వెర్మాంట్ యూనివర్సిటీవాళ్ళ ‘వైల్డ్‌లైఫ్ అండ్ ఫిషరీస్ బయాలజీ’ డిగ్రీ చూసి, అలాంటిది ఇక్కడ చదవాలంటే ఎలా అని అడుగుతోందన్నారు. నేను నెల్లూరు దగ్గర ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్ఎస్సీ, అంటే ఫిషరీస్ సైన్స్ డిగ్రీ చేశాను. అడవి వైపు వెళ్ళిన స్నేహితులూ ఉన్నారు.

మన దగ్గర ఈ రెండూ వేర్వేరు దారులు. అమెరికాలో వేటకూ, గాలం వేయడానికీ లైసెన్సులుంటాయి. ఆ ఫీజులతో పాటు తుపాకుల మీద, గాలం సామాన్ల మీద 1937, 1950 చట్టాల కింద వసూలయ్యే పన్ను కూడా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే చేరుతుంది. జింకల్ని లెక్కపెట్టేవాళ్ళూ, ట్రౌట్ చేపల్ని లెక్కపెట్టేవాళ్ళూ చాలాచోట్ల ఒకే శాఖలో పనిచేస్తారు, అందుకే డిగ్రీ కూడా కలిసే ఉంది. మనకు 1972 చట్టం, దాని సవరణలతో వేట పోయింది. జంతువులు అటవీ శాఖకు, చేపలు మత్స్యశాఖకు వెళ్ళాయి.

బీఎఫ్ఎస్సీ నాలుగేళ్ళు. ఆంధ్రాలో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) బైపీసీ ర్యాంకుతో సీటిస్తారు. ముత్తుకూరు కాలేజీ 1991లో మొదలైంది. తెలంగాణలో అయితే పెబ్బేరులో ఉంది. పేరు ఫిషరీస్ అయినా మన రాష్ట్రంలో ఇది చాలావరకు చెరువు చదువు. మేత, రోగాలు, నీటి పరీక్షలు, ప్రాసెసింగ్, కాస్త సముద్రం. ఫైనల్ ఇయర్‌లో వనామీ రొయ్యల చెరువుల మీద తెల్లవారకముందే, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీవో మీటర్‌తో గట్టు వెంట తిరగాలి. రాత్రంతా నీళ్ళలోని ఆల్గే కూడా ఆక్సిజన్ వాడేస్తుంది కాబట్టి ఆ వేళకే అది అడుగంటుతుంది. మేత వేసి నీళ్ళలో దించిన చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, తెల్లటి రెట్ట దారాల్లా తేలుతోందా అని చూస్తాం. పక్కనే రైతు నిలబడి, ‘వంద కౌంట్‌లోనే పట్టేద్దామా సార్, ఇంకో వారం ఆగుదామా?’ అంటాడు. వంద కౌంట్ అంటే కిలోకి వంద రొయ్యలు తూగే సైజు. మనం తప్పు చెబితే లక్షలు పోతాయి. ఆ టెన్షన్ పడలేనివాళ్ళకు ఈ కోర్సు పడదు.

నాకు మాత్రం ఫిషరీస్ బయాలజీ పేపరే ఇష్టం. చేప తలలో ఓటోలిత్ అనే చిన్న రాయి ఉంటుంది. చలి దేశాల చేపల్లో దాని మీద ఏటా ఒక వలయం స్పష్టంగా పడుతుంది, లెక్కపెడితే వయసు తెలిసిపోతుంది. మన వేడి నీళ్ళ చేపల్లో అది అంత సులువుగా కనిపించదు. అందుకే ఇక్కడ హార్బర్‌లో వందల చేపల పొడవులు కొలిచి ఎదుగుదల అంచనా కడతాం. విశాఖ హార్బర్‌లో స్కేలు పట్టుకుని కూర్చుంటే వేలం పాడేవాళ్ళు ‘అడ్డం లేవండి’ అని కసురుతారు. అదీ చదువులో భాగమే.

అమ్మాయికి పులులూ పక్షులే కావాలంటే బీఎస్సీలో జువాలజీ తీసుకోమనండి. తర్వాత డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్), తమిళనాడు మయిలాడుదురైలోని ఏవీసీ కాలేజీ లాంటి చోట్ల ఎమ్మెస్సీ ఉంది. మొదటి రెండింటిలో సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిది. ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టుల మీదే నడుస్తాయి, ప్రాజెక్టు అయిపోతే మళ్ళీ వెతుక్కోవాలి. జువాలజీతో ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష కూడా రాయొచ్చు.

రెండూ కలిసే చోట్లు లేకపోలేదు. కొల్లేరు చూడండి: 1999లో పక్షుల అభయారణ్యం, లోపల చేపల చెరువులు, 2006లో గట్లు కొట్టేశారు, ఆ గొడవ ఇంకా తెగలేదు. మరపడవలు సముద్రంలో ఈడ్చుకెళ్ళే ట్రాల్ వలల్లో చిక్కే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ సమస్యా అంతే, వల గురించి తెలియనివాళ్ళు దాన్ని తేల్చలేరు. ఇలాంటి పని ఇష్టమైతే బీఎఫ్ఎస్సీ చేసి, ముంబై సీఐఎఫ్ఈ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ ఎడ్యుకేషన్)లో ఫిషరీస్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ లేదా ఆక్వాటిక్ ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎఫ్ఎస్సీకి (ఫిషరీస్‌లో పీజీ) ప్రయత్నించడం నా లెక్కలో మంచి దారి.

అమెరికాకు డిగ్రీకే పంపితే ఖర్చు తడిసిమోపెడవుతుంది. ఇక్కడ డిగ్రీ చేశాక ఎంఎస్‌కి వెళ్ళనివ్వండి. ఈ సబ్జెక్టులో ప్రొఫెసర్లకు ముందే మెయిల్ రాసి, వాళ్ళ ప్రాజెక్టులో అసిస్టెంట్‌షిప్ (పనిచేస్తూ జీతం తీసుకుని చదువుకునే అవకాశం) సంపాదించుకునేవాళ్ళు చాలామంది. అయితే అక్కడి ఫెడరల్ ఉద్యోగాలు దాదాపుగా ఆ దేశ పౌరులకే ఇస్తారు. చదువు తర్వాత అక్కడే ఉండాలన్న ఆలోచన ఉంటే ఈ మాట ఇప్పుడే అమ్మాయితో మాట్లాడండి.