పారిస్ వెళ్లినా పొయ్యి దగ్గర నేనేనా?

ప్రశ్న: నెల్లూరులో టీచర్‌ని. వయసు 41. వచ్చే మే నెలకు మా అత్తమామల పెళ్లయి 50 ఏళ్లు. జర్మనీలో ఉండే మా మరిది, అందరం కలిసి వారం రోజులు పారిస్‌లో గడుపుదామని పట్టుబట్టాడు. వాళ్లు నలుగురు, మేం నలుగురం, అత్తయ్య, మామయ్య, మొత్తం పది మంది. వంటగది ఉన్న ఫ్లాట్ అద్దెకు చూశాడు. 'అమ్మకు బయటి తిండి పడదు, వదిన ఉందిగా' అన్నాడట. మావారు తలూపారు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. మామయ్య ఇన్సులిన్ తీసుకుంటారు. పదో తరగతి అమ్మాయి రోజంతా మ్యూజియాలు చూడాలంటుంది. తొమ్మిదేళ్ల వాడికి ఈఫిల్ టవర్ తప్ప ఏమీ అక్కర్లేదు. రానంటే పెద్దవాళ్ల సంబరం చెడగొట్టినదాన్నవుతాను. వస్తానంటే పారిస్‌లో కూర్చుని చేపల పులుసు పెట్టాలి. తలచుకుంటేనే టెన్షన్. కావలిలో ఒంటరిగా ఉండే మా అమ్మ ఇంతవరకు విమానమే ఎక్కలేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ మరిది చెడ్డవాడని నేననుకోను. ఇల్లు చూశాడు, తల్లికి పడే తిండి గురించి ఆలోచించాడు. ఆ తిండి ఎవరు వండాలన్న ఆలోచన అతనికి ఇంతవరకు రాలేదు. మీరు రానివ్వలేదు కూడా. సంక్రాంతికి వాళ్లు దిగినప్పుడు పది మందికీ వండి పెట్టింది మీరే అయుంటారు. ఉత్తరంలో రాయలేదు గానీ, 'వదిన ఉందిగా' అన్న మాట ఊరికే పుట్టదు.

మొదట మాట్లాడాల్సింది మీ ఆయనతో. టికెట్లు కొనకముందే మాట్లాడాలి. అత్తయ్యకు వినబడేలా గిన్నెలు చప్పుడు చేస్తే మాట్లాడినట్టు కాదు. ఒక సాయంత్రం ఇద్దరే మైపాడు బీచికి వెళ్లండి. 'నేనొస్తాను. పొద్దున టిఫిన్ నాది. మధ్యాహ్నం బయటే తిందాం. రాత్రి వంట మీదీ, మీ తమ్ముడిదీ' అని చెప్పండి. ఇంత సూటిగా. 'కాస్త సాయం చేయండి' అని మాత్రం అనకండి. సాయం అడిగితే పని మీదేనని మీరే ఒప్పుకున్నట్టు. తోడికోడలి మీదకు నెట్టడం కూడా పరిష్కారం కాదు, ఆవిడకూ అవి సెలవులే.

ఇక అన్నం దొరకదన్న భయం. పారిస్‌లో గార్ దు నోర్ అనే పెద్ద రైల్వే స్టేషన్ పక్కనే లా షాపెల్ అనే పేట ఉంది. అక్కడ శ్రీలంక తమిళుల దుకాణాలు, హోటళ్లు వరసగా ఉంటాయి. ఇడ్లీ, దోసె, సాంబారు దొరుకుతాయి. ఆ చుట్టుపక్కలే వినాయకుడి గుడి కూడా ఉంది. మద్రాసు ఆసుపత్రుల చుట్టూ తిరిగి మనవాళ్లు నేర్చుకున్న తమిళం అక్కడ అక్కరకొస్తుంది! రద్దీ పేట కాబట్టి ఫ్లాట్ అక్కడే తీసుకోమనను. రోజు విడిచి రోజు ఎవరో ఒకరు వెళ్లి పార్సిల్ తెస్తే చాలు.

అత్తయ్య సర్దబోయే పెట్టె గురించీ చెప్పాలి. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు పాలతో, మాంసంతో చేసినవి సామానులో పెట్టుకుని యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి రాకూడదు. నెయ్యి డబ్బా, మలైకాజాలు, కోడి పచ్చడి ఇంట్లోనే ఉంచేయండి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయకు, కందిపొడికి ఇబ్బంది లేదు.

అసలు ఆ ఇద్దరినీ ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో మరిది మాట ఉంది, మీ ఆయన తలూపడం ఉంది, పిల్లల కోరికలున్నాయి. పెళ్లి రోజు ఎవరిదో వాళ్ల మాట మాత్రం ఒక్కటీ లేదు. మామయ్యగారు జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో దండలు మార్చుకుని, నలుగురికి భోజనం పెడితే చాలనుకుంటున్నారేమో. కొడుకుల ముందు అడిగితే 'మీ ఇష్టంరా' అంటారు. విడివిడిగా, తీరిగ్గా అడగండి. వెళ్దామని వాళ్ల నోటి నుంచే వస్తే సగం బరువు దిగినట్టే.

వెళ్లడం ఖాయమైతే వీసా పని చలికాలంలోనే మొదలుపెట్టండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. రుసుము మీ బాబుకు 45 యూరోలు, మిగతా అయిదుగురికీ తలా 90. మీ ఆరుగురికీ కలిపి 495 యూరోలు, వీసా సెంటర్‌వాళ్ల చార్జీలు వేరే. వేలిముద్రలకు పెద్దవాళ్లను చెన్నై తీసుకెళ్లాల్సి రావచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాలసీ కొనేటప్పుడు మామయ్యగారి షుగర్ సంగతి దాచకండి, పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదివి చూడండి. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీతో సహా. మే నెలలో పారిస్ టైము మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఇంజెక్షన్ వేళ ఎలా జరపాలో ముందే డాక్టరును అడగండి.

మోకాళ్ల నొప్పులున్న మనిషిని పారిస్ మెట్రోలోకి దించొద్దు. చాలా స్టేషన్లలో లిఫ్టులుండవు, మెట్లే మెట్లు. బస్సెక్కించండి, కిటికీ పక్కన కూర్చుని సగం ఊరు చూసేస్తారు. సెయిన్ నదిలో పడవ షికారు సుమారు గంట సాగుతుంది, ఒక్క అడుగు నడవక్కర్లేదు. లూవ్ర్ మ్యూజియంలో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. మంగళవారం మాత్రం మూసేస్తారు.

పది మందీ ఎప్పుడూ కలిసే తిరగాలన్న పట్టుదల పెట్టుకోకండి. ఒకసారి మా వాళ్లం పద్నాలుగు మందిమి ఊటీ వెళ్లాం. మూడు రోజుల్లో రెండు రోజులు ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ హోటల్ మెట్ల మీదే గడిపాం. బొటానికల్ గార్డెన్ నేనిప్పటికీ చూడలేదు. పొద్దున మీ అమ్మాయి బాబాయితో మ్యూజియానికి పోనివ్వండి, బాబు వాళ్ల నాన్నతో టవరెక్కనివ్వండి, పెద్దవాళ్లు ఇంట్లో నడుం వాల్చనివ్వండి. మే నెలలో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. సాయంత్రం అందరూ కలిసి బయల్దేరొచ్చు. వారంలో ఒక పూట మీరొక్కరే, ఎవరికీ నీళ్ల సీసా మోయకుండా, ఎటైనా వెళ్లి రండి. ఆ పూట ఏదో ఇప్పుడే క్యాలెండర్‌లో రాసిపెట్టండి.

ఇక మీ అమ్మగారు. అంత పెద్ద ఉత్తరంలో ఆవిడకు ఒకే వాక్యం ఇచ్చారు. నాకు మాత్రం అదే అన్నిటికన్నా బరువుగా అనిపించింది. 'మీ వాళ్ల కోసం ఇంత చేస్తున్నానుగా' అని బేరం పెట్టి ఆవిడను ఈ ప్రయాణంలో చేర్చొద్దు. వియ్యంకులు యాభై ఏళ్ల పెళ్లి సంబరం చేసుకుంటుంటే పక్కన ఒంటరిగా నిలబడటం ఆవిడకూ కష్టంగా ఉండొచ్చు. మీ జీతంలోంచి కొంత పక్కన పెట్టండి. దసరా సెలవులకు మీరిద్దరే చెన్నై నుంచి విమానమెక్కండి. కాశీకో, ఆవిడ చెప్పిన ఇంకో ఊరికో. ఎక్కడికెళ్దామని ఫోన్ చేసి అడగండి. 'నాకెందుకమ్మా ఇప్పుడు ఖర్చు' అంటారు. వారం ఆగి మళ్లీ అడగండి.